ఇద్దరి గాలి

అబద్ధం ఆడాలనుకున్న మనిషి ఆడుకోవచ్చు, ఎవరు కాదన్నారు? కానీ దానికో ఒడుపుండాలి. గాలి మాస్టారికి ఆ ఒడుపు బొత్తిగా లేదు. "మా మేనేజరు ఇవాళ నన్ను తెగ మెచ్చుకున్నాడు" అని భార్యతో గుక్క తిప్పుకోకుండా చెప్పగలడు. అదే నోటితో, టైర్లో ముప్పై ఉన్న గాలిని ఇరవై ఎనిమిది అని చెప్పమనండి, నాలుక మెలిపడిపోతుంది. మాట మార్చడం వచ్చు గానీ అంకె మార్చడం చేతకాదు. ఆయన కొంప ముంచింది అదే.

మాస్టారంటే బడిలో మాస్టారు కాదు. మోటారు సైకిళ్ల షోరూములో, కొత్త బండి కొన్నవాళ్ల చేతిలో తాళాలు పెట్టి నాలుగు మంచి మాటలు చెప్పి పంపించే ఉద్యోగం ఆయనది. ఆ నాలుగు మాటలూ గాలి గురించే. అందరూ పెన్ను పెట్టుకునే జేబులో ఆయన ఇత్తడి గేజీ పెట్టుకునేవాడు. అదీ పెన్నులాగే ఉంటుంది. టైరు మూత తీసి వాల్వుకి ఆనించి నొక్కితే 'టుస్సు'మని లోపలి పుల్ల బయటికి తన్నుకొస్తుంది, దాని మీద అంకె చూసుకోవాలి. పాపం, కొత్త బండి కొన్న సంబరంలో ఉన్నవాడు ఎప్పుడు స్టార్టు చేద్దామా అని కాళ్లూ చేతులూ ఆడిస్తుంటే, ఈయన వెనక చక్రం దగ్గర గొంతుక్కూర్చుని పాఠం మొదలుపెట్టేవాడు.

"చూడండి బాబూ, ఇంజను చెడితే బండి ఆగుతుంది, అంతే. గాలి తగ్గితే మనిషే జారిపోతాడు. ముందు టైరుకి ఇరవై ఐదు. వెనకదానికి ఒక్కరైతే ఇరవై ఎనిమిది, ఇద్దరైతే ముప్పై రెండు. ఇదిగో, చైను కవరు మీద అంటించే ఉంది, ఒక్కరూ చదివి చావరు. పొద్దున్నే బండి తీయకముందు చూసుకోవాలి. తిరిగొచ్చాక చూడకూడదు. తిరిగిన టైరు వేడెక్కుతుంది, లోపల గాలి ఉబ్బుతుంది, గేజీలో ఎక్కువ చూపిస్తుంది. ఎక్కువుంది కదా అని తీసేశారో, తెల్లారేసరికి చల్లారి తక్కువైపోతుంది. వేడి టైరు అబద్ధం చెప్తుంది బాబూ, దాన్ని నమ్మకండి."

ఇదంతా చెప్పి, ఇంకోసారి చెప్పి, చివరికి "ఏదీ, ఇప్పుడు మీరు చెప్పండి" అనేవాడు. అదీ వరస. ఆ షోరూములో ఆయన అసలు పేరు జీతం ఇచ్చేవాళ్లకు తప్ప ఎవరికీ గుర్తుండేది కాదు. అందరికీ గాలి మాస్టారే.

ఇంట్లో మాత్రం ఆయనకో మంచి శిష్యురాలు దొరికింది, ఇంకెవరు, భార్యే. మేడ మీద రెండు గదుల వాటా వాళ్లది, బండి కింద మెట్ల పక్కన ఉంటుంది. పెళ్లయిన కొత్తలో మొదలైన అలవాటు ఇప్పటికీ తప్పలేదు. పొద్దున్నే ఆయన కింద చక్రం దగ్గర కూర్చుంటాడు. ఆవిడ కాఫీ గ్లాసు పట్టుకుని బాల్కనీలోంచి వంగుతుంది.

"ముందెంతా?"

"ఇరవై ఐదూ!"

"వెనకా?"

"ఇరవై ఎనిమిదీ!"

"సరే రండి, చల్లారిపోతోంది."

కింది వాటావాళ్లు దుప్పటి మొహం మీదికి లాక్కుని "మొదలైంది" అనుకునేవాళ్లు. ఎప్పుడైనా ఇద్దరూ కలిసి వెళ్లాల్సి వస్తే మాస్టారు కాలి పంపు తెచ్చి ఇంకో నాలుగు పౌండ్లు కొట్టి, ముప్పై రెండు చూసుకుని గానీ ఆవిడని ఎక్కనిచ్చేవాడు కాదు. "నన్ను ఎక్కించుకోవాలంటే బస్తా ఎక్కిస్తున్నట్టు లెక్కలు చూస్తారేంటండీ బాబూ" అని ఆవిడ దెప్పేది. దెప్పినా ఆ నాలుగు పౌండ్లూ తన కోసమే కొడుతున్నాడని లోలోపల ఆవిడకి గొప్పే. ఈ మధ్య ఆవిడ పళ్ల డాక్టరు దగ్గర కౌంటర్లో ఉద్యోగానికి చేరి బస్సులో వెళ్లొస్తోంది. వెనక టైరు ముప్పై రెండు మొహం చూసి చాలా కాలమైంది.

ఆవిడకో తమ్ముడు. నోరు ఊరుకోదు. ఓసారి చుట్టాలందరూ కూర్చుని ఉండగా, "ఏంటి బావా, ఇంకా గాలి కొలుస్తూనే ఉన్నావా? అదీ ఒక ఉద్యోగమేనా?" అని పళ్లికిలించాడు. మాస్టారు నవ్వి ఊరుకున్నాడు. ఆవిడ ఊరుకోలేదు. "నీ బోడి ఉద్యోగం కంటే నయమే. మా ఆయన లేకపోతే ఆ షోరూము ఒక్క రోజు నడవదు, తెలుసా?" అని అందరి ముందూ కడిగి పారేసి లేచొచ్చేసింది. అప్పట్నుంచి తమ్ముడి గడప తొక్కలేదు. వాడు ఫోన్ చేసినా ఎత్తదు.

అంత మాట అనేసిందా, ఇప్పుడు ఆ షోరూము మాస్టారు లేకుండా శుభ్రంగా నడిచిపోతోంది.

జరిగిందేమిటంటే, ఎవరో కొన్నాయన కంపెనీకి ఫిర్యాదు పెట్టాడు. 'బండి కొన్న ఆనందం మీ మాస్టారి పాఠంతో ఆవిరైపోయింది, మా పాప సీటు మీదే నిద్రపోయింది' అని. మేనేజరు మాస్టారిని గదిలోకి పిలిచి మంచినీళ్లిచ్చాడు. అప్పుడే అనుమానం రావాల్సింది ఈయనకి, ఎప్పుడూ ఇవ్వనివాడు మంచినీళ్లిచ్చాడంటే. ఆ మర్నాడు తాళాలిచ్చే చోట గోడకి ఒక టీవీ వెలిసింది. అందులో ఒకమ్మాయి నవ్వుతూ, "మీ టైర్లలో గాలి సరిచూసుకోండి. శుభ ప్రయాణం!" అంటుంది, అయిపోయింది. జనానికి ఆ అమ్మాయి గొంతు తెగ నచ్చింది. మాస్టారికి శాలువా లాంటిదేదో కప్పి, షోరూము బొమ్మ వేసిన కొత్త గేజీ ఒకటి బహుమతిగా ఇచ్చి సాగనంపారు. గాలి గురించి మాట్లాడినందుకు ఉద్యోగం తీసేసి గాలి కొలిచే గేజీ చేతిలో పెట్టారంటే, వాళ్లకి నవ్వెలా రాలేదో నాకైతే తెలియదు.

ఆ సాయంత్రం ఆయన ఇంటి మెట్ల దగ్గర చాలాసేపు నిలబడ్డాడు. చెప్పేద్దామనే పైకెక్కాడు. తలుపు తీస్తూనే ఆవిడ, "ఇవాళ మా తమ్ముడి పెళ్లాం ఆసుపత్రికొచ్చిందండీ, పన్ను పీకించుకోడానికి. మొహం చూడలేదు నేను. చీటీ ఇచ్చి పంపేశానంతే" అంది గర్వంగా. ఈవిడ తన కోసం తోడబుట్టినవాణ్ని వదులుకుని కూర్చుంది. ఇప్పుడు ఏ మొహం పెట్టుకుని చెప్పాలి?

"షోరూములో ఏంటి విశేషాలు?" అనడిగింది.

"ఏముంది, కొత్తగా ఒకమ్మాయి వచ్చింది" అన్నాడు మాస్టారు.

"ఎలా ఉంటుంది?"

"గొంతు బాగుంటుందంటున్నారు అందరూ."

అని మొహం పక్కకి తిప్పుకున్నాడు. తిప్పుకోకపోతే ఏడుపొచ్చేలా ఉంది. అంతవరకే చెప్పాడు మహానుభావుడు. నిజమే చెప్పాడు కదా అని మనసుకి సర్దిచెప్పుకుని పడుకున్నాడు.

మర్నాడు పొద్దున ఎప్పట్లాగే షోరూము చొక్కా తొడుక్కుని బయల్దేరాడు. వెళ్లడానికి చోటు లేదు, చేతిలో బండి ఉంది, వచ్చింది బండి నడపడమే. ఫోన్లో పిలిస్తే వచ్చి వెనక ఎక్కించుకుని దింపే బళ్ల కంపెనీలో చేరిపోయాడు. వాళ్లు చొక్కా పైన తొడుక్కోడానికి రంగు కోటు, ఎక్కేవాళ్ల కోసం ఇంకో హెల్మెట్టు ఇచ్చారు. రెండూ ఇంటికి తేలేడు కదా, అందుకని వీధి చివర పంక్చర్ల షాపులో దాచుకునేవాడు. పంక్చర్లతను మంచివాడే, కాకపోతే చూసిన ప్రతిసారీ "ఏంటి మాస్టారూ, దొంగతనంగా సిగరెట్టు కాల్చుకునేవాడిలా వస్తారూ" అనేవాడు.

అసలు చిక్కు హెల్మెట్టు కాదు, గాలి. జనాన్ని వెనక ఎక్కించుకుంటున్నప్పుడు టైర్లో ముప్పై రెండు ఉండాలా వద్దా? ఉండాలి. అందులో మాస్టారు రాజీపడే సమస్యే లేదు. పోనీ ముప్పై రెండుతోనే ఇంటికెళ్దామంటే పొద్దున్నే బాల్కనీలోంచి "వెనకా?" అని ప్రశ్న వస్తుంది. ఇరవై ఎనిమిది అనేస్తే పోయె కదా అంటారు మీరు. అదే అనలేడు, మొదట్లోనే చెప్పాను. అందుకని మహా తెలివైన ఏర్పాటు ఒకటి చేసుకున్నాడు. పొద్దున ఇంటి దగ్గర ఇరవై ఎనిమిది చూపించి బయల్దేరడం, పంక్చర్ల షాపులో ముప్పై రెండు కొట్టించుకుని రోజంతా తిరగడం, సాయంత్రం అదే షాపు దగ్గర వాల్వు నొక్కి మళ్లీ ఇరవై ఎనిమిదికి దించుకుని బుద్ధిమంతుడిలా ఇల్లు చేరడం.

బేరాలు పరవాలేదు గానీ మాస్టారికి నోరు ఊరుకోదు కదా. ఎక్కడానికి వచ్చినవాళ్లని ముందు ఎగాదిగా చూసి, "మీ బరువెంతుంటుందండీ?" అని అడిగేవాడు. బరువెక్కువైతే ఇంకో రెండు పౌండ్లు కొట్టిద్దామని ఆయన ఉద్దేశం. ఆడవాళ్లయితే అక్కడికక్కడే ఫోన్ తీసి ఇంకో బండి పిలుచుకునేవాళ్లు. ఎక్కినవాళ్లకి దారి పొడవునా పాఠమే. దిగాక ఫోన్లో చుక్కలిస్తారు, ఐదు చుక్కలిస్తే మహా బాగా నడిపినట్టు. మాస్టారికి రెండు దాటేవి కావు. 'బండి బాగా నడిపాడు, నోరు ఇంకా బాగా నడిపాడు' అని ఒకాయన రాశాడు. మొదటి సగం చదువుకుని మాస్టారు సంతోషించాడు.

ఇలా ఉండగా పొద్దుటి పూట ఒక వింత మొదలైంది.

"ముందెంతా?"

"ఇరవై ఐదూ!"

"వెనకా?"

మాస్టారు గేజీ వంక చూశాడు. ఊది, తుడిచి, మళ్లీ నొక్కాడు.

"ఇరవై... ఇరవై ఐదు."

"అదేంటండీ, మూడు పౌండ్లు ఎక్కడికి పోయాయి?"

"వాల్వు కారుతోందేమో."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. వాల్వు పిన్ను మార్పించాడు. ఉమ్మి తడి రాసి బుడగలొస్తాయేమో అని కళ్లు చిట్లించి చూశాడు. ట్యూబు విప్పించి నీళ్ల తొట్టిలో ముంచించాడు. ఒక్క బుడగ వస్తే ఒట్టు. కొత్త ట్యూబే వేయించాడు. తెల్లారి చూస్తే మళ్లీ ఇరవై ఐదే. రోజూ కాలి పంపుతో మూడు పౌండ్లు కొట్టుకుని, చెమట తుడుచుకుంటూ వెళ్లేవాడు. మీకు ఈపాటికి విషయం అర్థమైపోయి ఉంటుంది. ఊరందరికీ ఈ పాఠమే చెప్పిన మాస్టారికి మాత్రం అర్థం కాలేదు. ఇంట్లో దొరికిపోతానేమో అన్న భయం నెత్తినెక్కి కూర్చున్నాక, తను చెప్పిన మాటలే తనకి గుర్తుంటాయా ఏంటి?

బాల్కనీలో మనిషికి గుర్తున్నాయి. ఆవిడ ఏమీ అనలేదు గానీ ఇంట్లో గాలి మారింది. "ఆ కొత్తమ్మాయి ఇల్లెక్కడండీ?" అని అడిగింది ఒక రోజు కూర తరుగుతూ.

"ఏ అమ్మాయి?"

"అదే, గొంతు బాగుంటుందన్నారే."

"ఆవిడకి ఇల్లేంటి? షోరూములోనే ఉంటుంది పొద్దస్తమానం" అన్నాడు మాస్టారు, టీవీని తలుచుకుని మండిపోతూ.

"ఓహో, ఇంటికి ఎవరు దింపుతారో మరి."

"ఎవరూ దింపరు. నిన్నగాక మొన్నొచ్చి అందర్నీ బుట్టలో వేసేసుకుంది."

కత్తిపీట మీద వంకాయ టక్కున రెండు ముక్కలైంది. మాస్టారు తన దుఃఖంలో తనున్నాడు, అది చూడలేదు. ఆ వారమంతా ఆవిడ చప్పిడి కూరలే వడ్డించింది. ఉప్పు తగ్గింది అనే ధైర్యం చాలక నోరు మూసుకుని తిన్నాడు.

తర్వాత ఒక రోజు, వాన పడి వెలిశాక, ఒకాయన బుగ్గ పట్టుకుని మాస్టారి బండెక్కాడు. బుగ్గ బూరెలా వాచి ఉంది. మాస్టారు అలవాటుగా బరువెంతని అడిగాడు. ఆయన నోరు తెరవలేక చెయ్యూపాడు, ముందు పోనీ అన్నట్టు. మాస్టారు పోనిచ్చాడు, పాఠం మొదలుపెట్టాడు. ఇన్నాళ్లలో మధ్యలో అడ్డు రాకుండా, విసుక్కోకుండా, 'దిగిపోతాను' అనకుండా మొత్తం విన్న మొదటి మనిషి అతనే. చల్లటి టైరు, వేడి టైరు, ఒక్కరి గాలి, ఇద్దరి గాలి, అన్నీ చెప్పాడు. మధ్యమధ్య వెనకనుంచి "ఊఁ... ఊఁ..." అని మూలుగు వినపడుతుంటే, ఆహా, ఎంత శ్రద్ధగా వింటున్నాడో అని మాస్టారి కడుపు నిండిపోయింది.

ఆ ఆనందంలో ఎటు వెళ్తున్నాడో చూసుకోలేదు. తీరా సందు మలుపులో కళ్లెత్తి చూస్తే ఎదురుగా పెద్ద పన్ను బొమ్మ వేలాడుతోంది. భార్య పనిచేసే ఆసుపత్రి! గాజు తలుపు వెనక కౌంటరు, కౌంటరు వెనక ఆవిడ తల కూడా కనిపిస్తోంది. మాస్టారికి పై ప్రాణాలు పైనే పోయాయి. సర్రున బ్రేకు వేశాడు. తడి రోడ్డు మీద వెనక చక్రం కొంచెం పక్కకి జరిగి ఆగింది.

"దిగండి. ఇక్కడే దిగండి. లోపల రోడ్డు బాలేదు" అన్నాడు.

సందంతా అద్దంలా ఉంది. బుగ్గాయన వేలెత్తి రోడ్డు చూపించి ఏదో అనబోయాడు, నొప్పికి అనలేకపోయాడు.

"నాలుగడుగులే కదండీ, నడవండి, ఆరోగ్యానికి మంచిది" అని ఆయన నెత్తిమీది హెల్మెట్టు లాక్కున్నంత పని చేసి, మాస్టారు బండి తిప్పుకుని ఉడాయించాడు. అద్దంలో చూస్తే ఆయన సందు మొదట్లో బుగ్గ పట్టుకుని, రెండో చెయ్యి గాల్లో ఊపుతూ నిలబడి ఉన్నాడు. చుక్కల సంగతి అడక్కండి.

ఆ రాత్రి అన్నంలోకి కూర రుచిగా ఉంది. మాస్టారు రెండోసారి వడ్డించుకుంటుంటే ఆవిడ ఎదురుగా కూర్చుని గడ్డం కింద చెయ్యి పెట్టుకుని చూసింది.

"ఏంటలా చూస్తున్నావ్?"

"ఏం లేదు. తినండి."

మర్నాడు పొద్దున మాస్టారు గేజీ తీసుకుని మెట్లు దిగాడు. ముందు టైరు నొక్కాడు.

"ముందెంతా?"

"ఇరవై ఐదూ!"

వెనకదాని మూత తీశాడు. రోజూలాగే మూడు తగ్గి ఉంటుందని పంపు కూడా పక్కన పెట్టుకున్నాడు. నొక్కాడు. టుస్సుమంది. పుల్ల వంక చూసి అలాగే గొంతుక్కూర్చుండిపోయాడు. ముప్పై రెండు. నిన్న సాయంత్రం గాలి దించడం మర్చిపోయాడా? లేదే, దించాడు, పంక్చర్లతను వెక్కిరించాడు కూడా. అయినా మూడు తగ్గాల్సిన చోట నాలుగు ఎక్కువ చూపిస్తోందేంటి? పుట్టి బుద్ధెరిగాక టైరుకి గాలి దానంతటది ఎక్కడం ఆయన చూడలేదు.

"వెనకా?"

మాస్టారు నోరు తెరిచాడు. ఇరవై ఎనిమిది అనాలి. ఒక్కసారి, ఒకే ఒక్కసారి అనేస్తే గండం గడిచిపోతుంది. 'ఇరవై' అనడానికి నాలుక కదపబోయాడు. కదల్లేదు.

"వెనకెంతండీ?"

"ముప్పై రెండు" అన్నాడు మాస్టారు, నేల వంక చూస్తూ.

"సరిగ్గా ఉందన్నమాట. చీకటితో లేచి నేనే కొట్టాను, పంపు తొక్కి తొక్కి నడుం పడిపోయింది."

మాట పైనుంచి రాలేదు. తలెత్తితే ఆవిడ మెట్ల మీద నిలబడి ఉంది. ఆసుపత్రికి వెళ్లే బట్టల్లో, భుజాన సంచీతో ఉంది. చంకలో ఆ రెండో హెల్మెట్టు ఉంది.

"ఇది... ఇదెక్కడిది?" అన్నాడు మాస్టారు.

"పంక్చర్ల షాపులోది. ట్యూబు మార్పించింది అక్కడేగా, పొద్దున్నే వెళ్లి అడిగాను. పాపం, అతనేం చెప్పలేదు, మీరు ఒట్టేయించుకున్నారట. హెల్మెట్టూ కోటూ మాత్రం ఇచ్చాడు." ఆవిడ చివరి మెట్టు మీద కూర్చుంది. "మొదటి రోజు మూడు తగ్గినప్పుడు వాల్వే అనుకున్నాను. కొత్త ట్యూబు వేశాక కూడా తగ్గితే ఇంక నాకు తెలియదా? ఇన్నేళ్లు నా బుర్ర తిని నేర్పింది మీరేగా. వేడి టైర్లో గాలి తీస్తేనే అలా తగ్గుతుంది. ఎందుకు తీస్తారు? ఎక్కువుంటే తీస్తారు. వెనకదానికే ఎందుకు ఎక్కువుంటుంది? వెనక ఎవరో ఎక్కుతున్నారు కాబట్టి. ముందుది మాత్రం ఎప్పుడూ ఇరవై ఐదే."

వేడి టైరు! మాస్టారి నెత్తిన మొట్టికాయ పడ్డట్టయింది. అంత ఇబ్బందిలోనూ, తను చేసిన తప్పుకి ముందు సిగ్గుపడ్డాడు, తను ఆడిన అబద్ధానికి తర్వాత సిగ్గుపడ్డాడు. అలాంటి మనిషి.

"ఆ గొంతు బాగున్నదాన్ని తిప్పుతున్నారనుకున్నాను" అంది ఆవిడ. "వారం రోజులు నిద్ర లేదు నాకు. నన్ను ఎక్కించుకోవడం మానేసి దానికి కొడుతున్నారా నాలుగు పౌండ్లూ అని ఏడ్చాను కూడా."

"అది మనిషి కాదే, టీవీ..."

"తెలుసు. నిన్న షోరూముకి ఫోన్ చేశాను. అక్కడా ఆ రికార్డు గొంతే ఎత్తింది, 'శుభ ప్రయాణం' అంది, పెట్టేసింది."

ఆవిడ పెదవులు అదిమి పట్టుకుంది, నవ్వో ఏడుపో తెలియకుండా.

"అంతకుముందే బుగ్గ వాచినాయన వచ్చాడు. డాక్టరు పన్ను పీకి నోరు సరిచేశాక మొదట మాట్లాడింది మీ గురించే. 'అమ్మా, ఒక తిక్క మనిషి బండెక్కాను, బరువెంత అన్నాడు, టైరు చల్లగా ఉందా వేడిగా ఉందా అని చంపాడు, అద్దం లాంటి రోడ్డు బాలేదని సందు మొదట్లో తోసేసి పారిపోయాడు' అని. లోకంలో ఇంకెవరుంటారండీ అలాంటివాడు?"

"మీ తమ్ముడికి తెలిస్తే..." అన్నాడు మాస్టారు. "నువ్వు వాడితో అంత మాట అన్నావు. నా ఉద్యోగం గురించి. అందుకే చెప్పలేకపోయాను. నీ మాట పోతుందని."

"నా మాట పోతే పోయింది!" ఆవిడకి కోపం తన్నుకొచ్చింది, కింది వాటావాళ్ల కిటికీ తెరుచుకున్నా పట్టించుకోలేదు. "నా మాట కోసం మీరు రోజూ తక్కువ గాలితో ఇంటికొస్తారా? మొన్నంతా వాన. టైరు మెత్తబడి ఎక్కడో జారి పడితే నాకెవరు చెప్తారు? నేను షోరూముకి ఫోన్ చేస్తే ఆ టీవీ చెప్తుందా? ఊరందరి ప్రాణాలూ పట్టుకుని తిరుగుతారు, మీ ప్రాణం మాత్రం ఎవరికీ అక్కర్లేదా?"

మాస్టారు తడి రోడ్డు మీద పక్కకి జరిగిన చక్రాన్ని తలుచుకున్నాడు. అది చెప్పలేదు. గేజీని చొక్కాకి తుడుస్తూ నిలబడ్డాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, తుడుచుకోవాలంటే చేతిలో గేజీ అడ్డం.

"వాడికి నేనే చెప్తాలే" అంది ఆవిడ కాస్త తగ్గి. "మా ఆయన ఇప్పుడు గాలి కొలవడమే కాదు, బండి కూడా నడుపుతున్నాడురా అని. నవ్వితే నవ్వుకోనీ. నవ్వేటప్పుడు వాడి టైర్లో ఎంతుందో అడుగుతాను, చెప్పమనండి."

లేచి, హెల్మెట్టు నెత్తిన పెట్టుకుని, గడ్డం కింద పట్టీ బిగించుకుంది. మాస్టారు గేజీ పట్టుకుని చూస్తున్నాడు.

"చూస్తారేం? కోటు తొడుక్కోండి. సంచీలో పెట్టి తెచ్చాను. ఇవాళ మొదటి బేరం నేనే."

ఆయన కోటు తొడుక్కున్నాడు, ఇంటి గుమ్మంలో, పట్టపగలు. కింది వాటాయన కిటికీలోంచి "ఏంటి మాస్టారూ, కొత్త చొక్కానా?" అనడిగాడు. "కొత్త ఉద్యోగమండీ" అంది ఆవిడ. ఎక్కి భుజం మీద చెయ్యేసింది. టైరు ఏమాత్రం అణగలేదు, ముప్పై రెండంటే ముప్పై రెండే మరి. మాస్టారు వెనక్కి తిరిగి చూసుకుని తల పంకించాడు. ఇన్ని జరిగినా ఆ ముచ్చట మాత్రం తప్పలేదు ఆయనకి.

వీధి చివర పంక్చర్లతను చేతిలో పానా పట్టుకుని నోరు తెరుచుకుని చూశాడు. మాస్టారు ఆగలేదు. ఆగాల్సిన పని లేదు. పెద్ద రోడ్డెక్కారు. తర్వాత అలవాటు కొద్దీ మాస్టారు గొంతు సవరించుకున్నాడు.

"అసలు గాలి ఎప్పుడు చూసుకోవాలంటే..."

"ఏవండీ."

"ఊఁ?"

"పన్ను నొప్పి లేకపోయినా నేను వింటాను గానీ, ముందు ఒకటి చెప్పండి. నా బరువెంతని అడగలేదేం?"

"నీకెంత పెట్టాలో నాకు తెలుసు కదే" అన్నాడు మాస్టారు.

భుజం మీద చెయ్యి కొంచెం బిగిసింది. పన్ను బొమ్మ దూరాన కనిపించింది. సందు మలుపు దగ్గరికి వచ్చేసరికి, ఏం పాపమో, మాస్టారి కాలు తనంతట తనే బ్రేకు మీదికి వెళ్లింది.

వెనకనుంచి ఆవిడ ఆయన వీపు మీద ఒక్కటిచ్చింది.

"సందు మొదట్లో కాదు. గుమ్మం దాకా పోనివ్వండి. అందరూ చూడాలి."